ఇరువది మెట్ల సోపానము
(పాత్రధారణ క్రీడయందు ఆటగాండ్రు ఎంతవఱకు ఎక్కుదురు?)

వైకుంఠపాళి యెఱుగని తెలుగు బిడ్డ యుండుట అరుదు. పటము క్రింది గడిలో కాయ నుంచి, గవ్వలు వేసి, నిచ్చెన దొరకినచో నెక్కి, పాము నోట పడినచో దిగి, తుదకు పై వరుస చేరుదుము. ఆట యొక్క సాయంకాలమున ముగియును. ఎవరో యొకరు పైకి చేరియే తీరుదురు. ఇట్లే మెట్లెక్కు ఆట మఱియొకటి అమెరికా దేశమున పుట్టి అనేక దేశములకు వ్యాపించినది. దానిపేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. నేలమాళిగలును ఘటసర్పములును అని దాని యర్థము. దానియందును పాచికలు గలవు, మెట్లు గలవు, ఎక్కుట గలదు. కాని యొక వింత గలదు. ఆ సోపానమునకు ఇరువది మెట్లుండగా, ఎక్క నారంభించినవారిలో పెక్కుమంది పదియవ మెట్టు దాటకయే ఆట మానుదురు.

ఈ యాట ఇటీవల మన పై తరగతుల విద్యార్థుల చేతికిని వచ్చినది. “మాష్టారూ, ఇరువదవ మెట్టు చేరుటకు ఎన్నాళ్లు పట్టును?” అని వారు మమ్ము అడుగుచున్నారు. “ఈ యాట యెన్నటికి ముగియునండీ?” అని వారి తల్లిదండ్రులు అడుగుచున్నారు. రెండు ప్రశ్నలకును సమాధానము ఒక్క చోటనే దొరకును గనుక, దానిని చదువరులకు విశదపఱుప నెంచితిమి.

ఆట యొక్క స్వరూపము

నలుగురైదుగురు మిత్రులు ఒక బల్ల చుట్టు కూర్చుందురు. వారిలో నొకడు కథానిర్వాహకుడు. అతనిని డంజన్ మాస్టరు అందురు. తక్కినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను వహింతురు. ఒకడు యోధుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు గాయములు మాన్పు యాజకుడు, ఒకడు తాళములు తీయ నేర్చిన దొంగ. వేషములు లేవు, రంగస్థలము లేదు, అంతయు మాటల చేతనే జరుగును. “మీ యెదుట పాడుపడిన కోట గలదు. తలుపు మూసియున్నది. లోపల నేదో చప్పుడగుచున్నది. ఏమి చేయుదురు?” అని నిర్వాహకుడు అడుగును. ఎవరి పాత్ర యేమి చేయునో వారు చెప్పుదురు. ఆ పని నెఱవేఱునో లేదో సందేహమైనచో పాచిక వేసి తేల్చుకొందురు. అందు ముఖ్యమైనది ఇరువది ముఖములు గల పాచిక.

ప్రతి పాత్రకును ఒక కాగిత ముండును. దానిపై ఆ పాత్ర యొక్క బలము, బుద్ధి, చురుకుదనము మొదలగునవి అంకెలలో వ్రాయబడును. ఆ కాగితమును భద్రపఱచి మఱుసటి వారము తిరిగి తెత్తురు. ఇట్లు ఒకే పాత్రలతో వారము వెంబడి వారము సాగు కథను కాంపెయిన్ అందురు. మేము దానిని కథాయాత్ర యనియు, ఒక్కొక్కనాటి ఆటను కూటమనియు పిలిచెదము. పాత్రలు సాధించిన కార్యములకు నిర్వాహకుడు అనుభవాంకములు ఇచ్చును. అవి నియమింపబడిన సంఖ్యకు చేరగానే పాత్ర ఒక మెట్టు పైకెక్కును. లెవెల్ అను మాటకే మేము మెట్టు అని వ్రాయుచున్నాము. మొదటి మెట్టున నున్న మాంత్రికుడు ఒక్క కత్తివేటునకే కూలిపోవచ్చును. అతడే పై మెట్లెక్కిన పిదప మంటల వర్షము కురిపింపగలడు, దూరదేశమునకు క్షణములో పోగలడు.

సోపానము పుట్టిన విధము

1971వ సంవత్సరమున గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ అను నిద్దఱు చైన్‌మెయిల్ అను నియమగ్రంథమును ప్రకటించిరి. అది చిన్న చిన్న సైనికుల బొమ్మలతో మధ్యయుగపు యుద్ధముల నాడుకొనుటకు ఉద్దేశింపబడినది. దాని చివర మాయాకథలలోని వీరులకును కొన్ని నియమములు చేర్చిరి. ఆ లెక్క ప్రకారము వీరుడు అను బొమ్మ నలుగురు సైనికులకు సమానము. మహావీరుడు అను బొమ్మ ఎనమండుగురికి సమానము. మెట్ల భావమునకు బీజ మిక్కడ గలదు.

ఇంచుమించు అదే కాలమున మిన్నెసోటా రాష్ట్రమందలి జంటనగరములలో డేవ్ ఆర్నెసన్ అను యువకుడు బ్లాక్‌మూర్ అను కల్పిత దేశమున ఆట నడపుచుండెను. ఆ యాటలో ఒక్కొక్క మిత్రుడు సైన్యమును గాక ఒక్క మనిషిని మాత్రమే నడపును. ఆ మనిషి ప్రాణములతో బయటపడినచో మఱునాటి ఆటకు మఱికొంత సమర్థుడై వచ్చును. గైగాక్స్, ఆర్నెసన్‌లు కలిసి పనిచేయగా 1974వ సంవత్సరమున డంజన్స్ అండ్ డ్రాగన్స్ వెలువడెను. అది యొక పెట్టెలో నుంచిన మూడు చిన్న పుస్తకములు. మొదట వేసినవి 1,000 ప్రతులు మాత్రమే. విస్కాన్సిన్ రాష్ట్రమున లేక్ జెనీవా అను పట్టణమున గైగాక్స్ మిత్రునితో కలిసి స్థాపించిన చిన్న సంస్థ దానిని ప్రకటించెను. ఆ పుస్తకములలో నాలుగవ మెట్టు యోధునికి వీరుడనియు, ఎనిమిదవ మెట్టు యోధునికి మహావీరుడనియు బిరుదులు గలవు. పాత బొమ్మలాటలోని నలుగురు, ఎనమండుగురు అను లెక్క ఇక్కడ మెట్లుగా మాఱినదని చదువరులు గ్రహింపగలరు.

రెట్టింపు లెక్క

గణితము చదువు విద్యార్థులు ఈ భాగమును శ్రద్ధగా గమనింపవలయును. 1974 నాటి నియమముల ప్రకారము యోధుడు రెండవ మెట్టు చేరుటకు 2,000 అంకములు కావలయును. మూడవ మెట్టునకు 4,000, నాలుగవ దానికి 8,000, అయిదవ దానికి 16,000, ఆఱవ దానికి 32,000, ఏడవ దానికి 64,000, ఎనిమిదవ దానికి 1,20,000, తొమ్మిదవ దానికి 2,40,000. దాదాపు ప్రతి మెట్టును దాని క్రింది మెట్టునకు రెట్టింపు. ఎనిమిదవ మెట్టున నున్న యోధుడు తొమ్మిదవ మెట్టు చేరవలయునన్నచో, పుట్టినది మొదలు అంతవఱకు ఎంత సంపాదించెనో అంతయు మరల సంపాదింపవలయును. పై మెట్టు యోధులకు పెద్ద నిధులు దొరకును గావున ఇది అసాధ్యము కాదు. అయినను పైకి పోయినకొలది నడక మందగించును.

ఈ యంకములు వచ్చు దారియు విచిత్రమైనదే. శత్రువును గెలిచినందుకు కొన్ని అంకములు వచ్చును. నేలమాళిగనుండి బయటికి తెచ్చిన బంగారమునకు నాణెమునకు ఒకటి చొప్పున అంకములు వచ్చును. కాబట్టి నాటి ఆటగాండ్రలో తెలివిగలవారు పోరాటమును తప్పించుకొని ధనమును తెచ్చుటకే యత్నించెడివారు.

వైకుంఠపాళిలోని పాములు ఇందును గలవు. సమాధులలో తిరుగు కొన్ని ప్రేతములు తాకినచో పాత్ర ఒక మెట్టు దిగిపోవును. రక్తము త్రావు పిశాచము తాకినచో రెండు మెట్లు దిగును. నెలల శ్రమ ఒక్క పాచికతో పోయెడిది. మరణము సరేసరి. మరణించిన పాత్రకు బదులు క్రొత్త పాత్రను మొదటి మెట్టునుండి ఎక్కించుట ఆనాడు సాధారణము.

తొమ్మిదవ మెట్టు చేరిన యోధునికి ప్రభువను బిరుదు వచ్చును. అతడు కోట కట్టుకొని, చుట్టుపట్ల భూమి నేలుచు, పన్నులు తీసికొనవచ్చును. అనగా ఆ మెట్టు ఒక విధమైన గమ్యము. కత్తి పట్టి తిరిగినవాడు అక్కడ గృహస్థుడగును. ఆ పైని మెట్లకు పరిమితి లేదని మూలగ్రంథమే చెప్పినను, కథ యొక్క రుచి అక్కడితో మాఱిపోవును.

కర్తల యంచనా

ఎవరెంతవఱకు ఎక్కవలయునన్న ప్రశ్న రెండేండ్లలోనే తలయెత్తెను. 1976వ సంవత్సరమున గైగాక్స్ తన సంస్థ పత్రికలో దీనికి సమాధానము వ్రాసెను. సంవత్సరమునకు 50 మొదలు 75 ఆటలు శ్రద్ధగా ఆడి, ప్రాణములు నిలుపుకొనిన పాత్ర తొమ్మిదవ మెట్టు మొదలు పదునొకండవ మెట్టు వఱకు చేరవచ్చునని యాతని యంచనా. రెండవ సంవత్సరమున మెట్లు రెట్టింపు కావు. ఏటికి రెండో మూడో పెరుగును. ఆ లెక్కను ఇరువదవ మెట్టునకు నాలుగైదు సంవత్సరములు పట్టునని యాతడు భావించెను.

కాని కొందఱు నిర్వాహకులు మిత్రులను సంతోషపెట్టుటకై నిధులను ధారాళముగా పంచి, పాత్రలను నలుబదవ మెట్టు వఱకు ఎక్కించిరి. అదే 1976వ సంవత్సరమున వెలువడిన దేవతలను గూర్చిన అనుబంధ గ్రంథమునకు పీఠిక వ్రాసిన సంపాదకుడు టిమ్ కాస్క్ వీరిని పరిహసించెను. ఉపాధ్యాయులమైన మాకు ఈ మాట సుబోధకము. అందఱికిని నూటికి నూఱు మార్కులు వేసినచో ఆ మార్కులకు విలువ యుండునా?

తరువాత వచ్చిన గ్రంథములు సోపానము నొక్కొక్క కొలతకు కట్టినవి. 1981 నాటి మొదటి పెట్టెలో 1 మొదలు 3 మెట్లును, రెండవ పెట్టెలో 4 మొదలు 14 మెట్లును గలవు. 1983వ సంవత్సరము మొదలు క్రమముగా వెలువడిన పెట్టెలలో 1985 నాటికి 36 మెట్లు పూర్తియైనవి. 1986లో వెలువడిన పెట్టె అంతకును పైబడి అమరత్వమునకు దారి చూపెను. 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అను సంస్థ పాత సంస్థను కొనెను. ఆ సంస్థ 2000లో వెలువరించిన మూడవ కూర్పు 20 మెట్లను ప్రమాణముగా పెట్టెను. 2008 నాటి నాలుగవ కూర్పు 30 మెట్లు కట్టగా, 2014 నాటి అయిదవ కూర్పు మరల 20 మెట్లకు వచ్చెను. 2024లో దానిని సంస్కరించినపుడును ఆ 20 మెట్లు నిలిచినవి.

కాగితము మీది లెక్క

అయిదవ కూర్పులో రెండవ మెట్టునకు 300 అంకములు చాలును. ఇరువదవ మెట్టునకు 3,55,000 కావలయును. అంకములు లెక్కించుట యిష్టము లేనివారికి నిర్వాహకుని గ్రంథము కూటముల లెక్క నొకటి సూచించినది. మొదటి కూటము ముగియగానే రెండవ మెట్టు. మఱియొక కూటమునకు మూడవ మెట్టు. మఱి రెండు కూటములకు నాలుగవ మెట్టు. ఆ పైన ప్రతి మెట్టునకును రెండు లేక మూడు కూటములు. ఒక్కొక్క కూటము నాలుగు గంటలని భావము.

ఇప్పుడు కూడిక చేయుదము. నాలుగవ మెట్టునకు 4 కూటములు. అక్కడనుండి పదియవ మెట్టునకు ఆఱు మెట్లు గనుక 12 మొదలు 18 కూటములు. మొత్తము 16 మొదలు 22. ఇరువదవ మెట్టునకు నాలుగవ దానినుండి పదునాఱు మెట్లు గనుక 32 మొదలు 48 కూటములు. మొత్తము 36 మొదలు 52. సంవత్సరమునకు 52 వారములు. కాబట్టి వారమున కొకనాడు నాలుగేసి గంటలు, ఒక్క వారమైనను తప్పక ఆడినచో, ఎంత మెల్లగా నడచినను సంవత్సరము లోపల సోపానాగ్రము చేరవలయును.

కాగితము మీద ఇంత సులభమైనది బల్లయొద్ద ఎంతమందికి సాధ్యమగుచున్నది? చాల కొద్దిమందికే. పెక్కు కథాయాత్రలు పదియవ మెట్టునకు లోపుననే ముగియుచున్నవని ఆ సంస్థవారే చెప్పియున్నారు. వారు అచ్చువేసిన కథాగ్రంథములును ఇందుకు సాక్ష్యమిచ్చును. 2014లో ప్రారంభకుల పెట్టెలో నిచ్చిన ఫాండెల్వర్ గని కథ 1 మొదలు 5 మెట్ల వఱకు సాగును. 2016 నాటి స్ట్రాడ్ శాపము 10 మెట్ల వఱకును, 2017 నాటి టూంబ్ ఆఫ్ అనిహిలేషన్ 11 మెట్ల వఱకును పోవును. 2015లో వెలువడిన రెండు పెద్ద కథలు 15వ మెట్టున ఆగును. 20వ మెట్టు వఱకు తీసికొనిపోవునవి వ్రేళ్లమీద లెక్కింపదగినవి. పాథ్‌ఫైండర్ అను పోటీ క్రీడను 2009లో వెలువరించిన పైజో సంస్థవారి ఆఱేసి సంపుటముల కథలును నాటి కూర్పులో సామాన్యముగా 15, 17 మెట్ల నడుమ ముగియునవియే.

ఏల ఆగుదురు?

ఇందుకు మేము నాలుగు కారణములను చూచుచున్నాము.

మొదటిది, అన్నిటికంటె బలమైనది, మనుష్యుల జీవితము. అయిదుగురు కలిసి ఒకే దినమున, ఒకే గంటకు, ఒకే బల్లయొద్దకు ఏడాది పొడవున వచ్చుట యెంత దుర్లభమో సంసారులెల్ల రెఱుగుదురు. ఒకరికి పరీక్షలు, ఒకరికి ఉద్యోగపు బదిలీ, ఒకరికి వివాహము, ఒకరింట శిశువు. ఒక్కరు తగ్గినచో కూటము వాయిదా పడును. మూడు వాయిదాలు వరుసగా పడినచో కథాయాత్ర చెప్పకయే చచ్చును. ఘటసర్పములచేత చచ్చిన కథలకంటె వాయిదాలచేత చచ్చిన కథలే యధికమనవచ్చును.

రెండవది నిర్వాహకుని భారము. క్రింది మెట్లలో పాత్రలకు నది దాటుట ఒక సమస్య, గోడ ఎక్కుట ఒక సమస్య. అయిదవ మెట్టున మాంత్రికునికి అగ్నిగోళము చిక్కును. తొమ్మిదవ మెట్టున యాజకుడు మరణించిన తోటివానిని లేపగలడు. పదుమూడవ మెట్టున మాంత్రికుడు జట్టు నంతటిని దూరదేశమునకు క్షణములో చేర్పగలడు. పదునేడవ మెట్టున కోరిన కోరిక తీర్చు మంత్రము వచ్చును. అట్టివారిని ఏ గోడ యాపును? ఏ నది యాపును? నిర్వాహకుడు వారమంతయు శ్రమించి కల్పించిన చిక్కును ఒక్క మంత్రముతో విప్పివేయుదురు. పోరాటములును దీర్ఘమగును. ఒక్కొక్కరికి చేయదగిన పనులు పెక్కు, వేయవలసిన పాచికలు పెక్కు.

మూడవది అచ్చుపుస్తకముల కొఱత. పై మెట్లు ఆడువారు తక్కువ గనుక ప్రకటనకర్తలు వాటికి కథలు తక్కువగా వేయుదురు. కథలు తక్కువ గనుక ఆడువారు మఱింత తగ్గుదురు. నీరు లేదని పైరు వేయరు, పైరు లేదని కాలువ త్రవ్వరు అన్నట్లున్నది.

నాలుగవది కథ యొక్క స్వభావము. అయిదవ కూర్పు గ్రంథము మెట్లను నాలుగు భాగములుగా విభజించినది. 1 మొదలు 4 వఱకు గ్రామమును కాపాడువారు. 5 మొదలు 10 వఱకు రాజ్యమును కాపాడువారు. 11 మొదలు 16 వఱకు రాజ్యమున అగ్రగణ్యులు. 17 మొదలు 20 వఱకు లోకముల భవిష్యత్తును తేల్చువారు. గ్రామమున ప్రారంభించిన కథ రాజ్యము దక్కుటతో పూర్తియైనట్లు మనస్సునకు తోచును. గ్రామమున పాత్రలకు పరిచితులుందురు. కమ్మరి యెవడో, పూటకూళ్లవ్వ యెవరో తెలియును. లోకములు దాటి తిరుగునపుడు ఆ కమ్మరి జ్ఞాపకమునకు రాడు. అందుచేతనే కొందఱు ఆటగాండ్రు మూడవ కూర్పు కాలమున ఆఱవ మెట్టుతోనే ఎక్కుట నిలిపివేయు నియమమును తమకు తాము కల్పించుకొనిరి. ఆ పైన పాత్రలు మెట్లెక్కక, క్రొత్త నేర్పులు మాత్రమే కొన్ని సంపాదించుకొనును.

మెట్లు లేని మార్గము

సోపానము లేకుండ ఈ యాట నాడరాదా? ఆడవచ్చును. 1978లో వెలువడిన రూన్‌క్వెస్ట్ అను క్రీడయందు మెట్లే లేవు. పాత్ర ఏ విద్యను ఉపయోగించి కృతకృత్యమగునో ఆ విద్యయే పెరుగును. కత్తి త్రిప్పినవానికి కత్తి విద్య, చెట్టెక్కినవానికి చెట్టెక్కు విద్య. పెరుగుటకును ఒక పాచిక వేయవలయును. ఆ పాచిక అప్పటికి తన కున్న నేర్పును మించి పడిననే పెరుగుదల. కాబట్టి తక్కువ తెలిసినవాడు త్వరగా నేర్చును, ఎక్కువ తెలిసినవాడు మెల్లగా నేర్చును. తరగతిలో ప్రతిదినము మేము చూచునది ఇదియే. అక్షరములు దిద్దు బాలుడు మాసములో కనబడునంత పెరుగును. వ్యాకరణము చదువు బాలుని పెరుగుదల సంవత్సరమునకును కనబడకపోవచ్చును.

మిక్కిలి దూరము నడచిన కథాయాత్రలును లేకపోలేదు. కెనడా దేశమున లండన్ అను పట్టణమందలి యొక చరిత్రాచార్యుడు 1982వ సంవత్సరమున ప్రారంభించిన ఒకే కథను నలుబది యేండ్లకు పైగా నడపినాడు. పాతవారు పోవుచు క్రొత్తవారు చేరుచు ఆ బల్ల నిలిచినది. కాని అట్టివి అరుదు గనుకనే పత్రికలు వానిని గూర్చి వ్రాయును.

మన విద్యార్థుల లెక్క

ఇక మన ప్రశ్నకు వత్తము. పాఠశాల జూన్ మాసమున తెఱచెదము. మార్చి మాసమున పదియవ తరగతి పరీక్షలు. ఫిబ్రవరి ముగియులోపల ఆట ముగియవలయును. ఆ తొమ్మిది మాసములలో శనివారములు దాదాపు ముప్పదియెనిమిది. దసరా, క్రిస్మస్, సంక్రాంతి సెలవులకు ఇండ్లకు పోవు వారములను, పరీక్షల వారములను తీసివేసినచో, ఇరువదియైదు మిగులును. సాయంకాలమున రెండు గంటలకు మించి ఆడుటకు మేము అనుమతింపము. అనగా ఏబది గంటలు. నాలుగు గంటల కూటములుగా లెక్కించినచో పండ్రెండున్నర. అందు నాలుగు కూటములకు నాలుగవ మెట్టు. మిగిలిన ఎనిమిదిన్నరకు మఱి రెండు మొదలు నాలుగు మెట్లు. కాబట్టి ఆఱవ మెట్టు మొదలు ఎనిమిదవ మెట్టు వఱకు మన విద్యార్థులు న్యాయముగా ఆశింపదగిన యెత్తు. మార్చి పరీక్షలైన పిదప పదియవ తరగతివారు పాఠశాల విడిచి తలకొక ఊరికి పోవుదురు. ఆ బల్ల మరల కూడదు.

ఇది విని కొందఱు చిన్నబుచ్చుకొందురేమో. ఇరువదవ మెట్టునకు బయలుదేఱి ఏడవ దానితో ఆగుట ఓటమి యని తలంతురేమో. అమెరికాలో పెక్కుమంది ఆగినది ఆ దరిదాపులనే యని పైని చూపితిమి. కథ మధ్యలో తెగిపోవుటయే నిజమైన నష్టము. దుష్టరాజు కోట కనబడుచుండగా, చెఱలోని మిత్రుడు విడిపింపబడకుండగా, పరీక్షల పట్టిక గోడపై నంటింపబడును. కాగితములు పెట్టె యడుగున పడును. సంవత్సరమంతయు వినిన కథకు ముగింపు లేదు. చిన్న తరగతి బాలుడు తరువాత అడిగినచో చెప్పుటకు వారియొద్ద ఏమియు లేదు.

కాబట్టి కథానిర్వాహకులగు విద్యార్థులకు మా సలహా యిది. జూన్ మాసముననే తుది మెట్టును నిర్ణయింపుడు. ఏడవ మెట్టని యనుకొనిన, ఏడవ మెట్టువాడు గెలువగల శత్రువునే కథకు ప్రతినాయకునిగా పెట్టుడు. గ్రామమును కాపాడు కథ చాలును, లోకమును కాపాడ నక్కఱలేదు. పై మెట్ల రుచి చూడగోరినచో మొదటి మెట్టునకు బదులు అయిదవ మెట్టుననే పాత్రలను ప్రారంభింపుడు. నియమములు దానికి అడ్డుచెప్పవు. కాని ఆలస్యమైనదని తొందరపడి అంకములను దానము చేయకుడు. ఒకడు రాని వారము ఆటను మానక, వచ్చినవారితో నడపుడు. ప్రతి కూటమునకు పిదప జరిగిన కథను నోటుపుస్తకమున అర్ధపుట వ్రాయుడు. ఫిబ్రవరిలో చివరి రెండు శనివారములను ముగింపునకే కేటాయింపుడు.

తల్లిదండ్రులకును ఒక మాట. ఈ యాట తనంతట ముగియు స్వభావము గలది కాదు. ముగింపవలసినవారు ఆడువారే. కావున “ఈ యాట యెన్నటికి ముగియును?” అని మమ్ము అడుగుటకంటె, “నీ కథ యే మెట్టున ముగియునురా?” అని మీ కుమారుని అడుగుడు. ఆ ప్రశ్నకు ‘ఏడవ మెట్టున, ఫిబ్రవరిలో’ అని జవాబు చెప్పగలిగిన బాలునిగూర్చి మీరు చింతింప నక్కఱలేదు. తన యొద్దనున్న కాలమును కొలుచుకొని, దానికి తగిన పని నెత్తుకొని, ఎత్తుకొనినదానిని పూర్తిచేయుట అతడు నేర్చుకొనుచున్నాడు. ఆ విద్య యే మెట్టున నేర్చినను నేర్చినదే.